కంబదూరు మిల్లులో మూడో టేకు

తప్పేమిటో, చేసిందెవరో ముందే చెప్పేస్తాను. దారి గురించి, బస్సుల గురించి తర్వాత మాట్లాడుకుందాం. బెంగళూరులోని ఒక రికార్డింగ్ కంపెనీ మేనేజరు నిరుడు కంబదూరు వచ్చాడు. ఉరుముల ఓబులేసు ఇంటి అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, ఆయన వాయించిన ఉరుము వాద్యాన్ని అరగంట సేపు రికార్డు చేసుకుపోయాడు. ఆ మోతను మొదటి నుంచి చివరి దాకా వాడి ఒక పాట విడుదల చేశాడు. పాట కింద పదకొండు పేర్లున్నాయి. కారు నడిపిన మనిషి పేరు కూడా ఉంది. ఓబులేసు పేరు ఉండాల్సిన చోట "గ్రామీణ శబ్దాలు" అని ఉంది. అరవయ్యేళ్ల మనిషిని పట్టుకుని శబ్దాలు అని రాశాడు!

నేను కదిరిలో ఒక ప్రెస్సులో పని చేస్తాను. పెళ్లిపత్రికలు, సభల కరపత్రాలు కంప్యూటర్లో కూర్చడం నా పని. నేను చదువుకున్నదంతా ఆ కరపత్రాల్లోనే. మేక తప్పిపోయిందని వేసిన కాగితమైనా సరే, కింద ప్రెస్సు పేరు లేకుండా మేం బయటికి వదలం. మేకకున్న మర్యాద మనిషికి లేదా అని నాకు మండింది. అదే మేనేజరు మళ్లీ కంబదూరు వస్తున్నాడని తెలిసింది. "నాలుగో గేరు" అనే బెంగళూరు బ్యాండు అక్కడి పాత వేరుశెనగ మిల్లులో జనం ముందు కచేరీ చేస్తుందట, దాన్ని అక్కడికక్కడే రికార్డు చేస్తారట, అందులో ఓబులేసు కూడా వాయిస్తాడట. జాజ్, ఫంక్, ఎలక్ట్రానిక్ కలిపిన సంగీతం అని పోస్టరులో ఉంది. ఆ మూడింటిలో నాకు తెలిసింది ఎలక్ట్రానిక్ ఒక్కటే, అదీ షాపు బోర్డుల మీద. మిగిలిపోయిన కాగితం మీద "పేరెక్కడ?" అని రెండు వందల కరపత్రాలు కొట్టుకుని, పేరు రాయకపోతే రికార్డింగే ఆపేద్దామని బయల్దేరాను.

కదిరి బస్టాండులో ఉదయం ఐదున్నరకు అనంతపురం బస్సు ఉంది. ముదిగుబ్బ, బత్తలపల్లి మీదుగా రెండున్నర గంటలు పడుతుంది. నేను పోయినప్పుడు టికెట్టు నూట ముప్పైకి అటూ ఇటూ పడింది. ఆడవాళ్లకు ఉచితం కనుక సీటు కావాలంటే పావుగంట ముందే ఎక్కండి. నేను బత్తలపల్లి దాకా నిలబడే పోయాను. అనంతపురం బస్టాండు బయట నలభై రూపాయలకు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని కళ్యాణదుర్గం బస్సెక్కితే మరో రెండు గంటల లోపు ప్రయాణం. ఆషాఢం గాలి అప్పటికే లేచింది. బస్సు కిటికీ అద్దాలు మూసినా పళ్ల మధ్య మట్టి కరకరలాడింది. మొదటి వాన పడి మళ్లీ ముఖం చాటేసినట్టుంది, దున్ని పెట్టిన ఎర్రచేలు విత్తనం కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. దూరంగా గుట్టల మీద గాలిమరలు మాత్రం పండగ చేసుకుంటున్నాయి.

కళ్యాణదుర్గం నుంచి కంబదూరుకు బస్సులున్నాయి గానీ, నేను షేర్ ఆటో ఎక్కాను. నలభై రూపాయలు. డ్రైవరు నన్ను, నా చేతిలోని కట్టను ఎగాదిగా చూశాడు.

"యాడికప్పా?"

"కంబదూరు పాత బుడ్డల మిల్లు కాడికన్నా. పాటల రికార్డింగ్ ఉండాది."

"పాటలకు మిల్లెందుకప్పా? బుడ్డలు రాక మిల్లు మూసినారు. పోనీలే, పాటలన్నా ఆడించుకోనీ."

ఒక కరపత్రం ఆయన చేతికిచ్చాను. బండి నడుపుతూనే, హ్యాండిలు మీద పరుచుకుని చదివాడు. "పేరు రాయకుంటే ఏమైతాదప్పా? ఈ ఆటో నడిపేది నేను. ఎనకాల రాసిండేది మా ఓనరు కొడుకు పేరు. అయినా నడుస్తానే ఉండాది కదా?"

"అదే అన్యాయమన్నా! అసలు నువ్వు..."

"గమ్మునుండప్పా సామీ. విప్లవం కంబదూరులో దిగినాక పెట్టుకో. ముందర గుంత ఉండాది."

మిల్లు ఊరికి ఈ కొసన ఉంది. దానికి ఎదురుగా ఖాసీంబీ అక్క హోటలు. బోర్డు లేదు, నీలం రంగు తలుపే గుర్తు. అరవై రూపాయలకు రాగి సంకటి, బుడ్డల ఊరిబిండి పచ్చడి, ఆకుకూర పప్పు. అడగకుండానే రెండో ముద్ద వేసింది. ఓబులేసు గురించి అడిగితే గరిటె పట్టుకునే చెప్పింది.

"పీర్ల పండగకు మా చావిడి ముందర వాయించేది ఆ యప్పే. ఊరమ్మ దేవరకూ ఆ యప్పే. ఉరుము లేకుంటే ఈ ఊర్లో ఏ దేవుడూ లెయ్యడు. కానీ బువ్వకు బంతిలో కూచోబెట్టేటప్పుడు మాత్రం ఆ యప్పను ఆకరున పిలుస్తారు. ఇంకో ముద్ద ఎయ్యనా? అట్ల సూస్తావేంది, కోపం కడుపులో ఉంటే సంకటి యాడ పడతాది?"

రెండు గంటలకు మిల్లులోకి పోయాను. మీరెవరైనా ఇలాంటి రికార్డింగుకు పోతే కచేరీకి ముందే పోండి, చూడాల్సింది సగం అప్పుడే ఉంటుంది. గాలి మోత లోపలికి రాకుండా, రేకుల గోడల చుట్టూ పాత గోనెసంచులు విప్పి తోరణాలుగా కట్టారు. మాట ఎక్కడిదక్కడ ఆగిపోతోంది. ఇంకా చెనక్కాయ పొట్టు వాసన పోలేదు. మైకులు ఇరవైకి పైనే. నాలుగో గేరు నాయకురాలు నందిని, శాక్సోఫోను వాయిస్తుంది. కోలారు వైపు మనిషి, తెలుగులో కన్నడం కలుస్తుంది. గోనెసంచులను ఆమే నిచ్చెన ఎక్కి కడుతోంది. కీబోర్డు, ల్యాప్‌టాప్ వాయించేది రఫీ అన్న, ధర్మవరం మగ్గాల ఇంటివాడు. ఆయన ముందు చిన్న చిన్న గళ్లున్న పెట్టె ఒకటుంది. అదేమిటని అడిగాను.

"మా నాయన జకార్డు మగ్గానికి అట్టలు కొట్టేవాడప్పా. అట్టకు బొక్క ఉంటే దారం లేస్తాది, లేకుంటే ల్యా. నాదీ అదే పని. గడి వెలిగితే మోత లేస్తాది, లేకుంటే ల్యా. ఆయన చీరకు అంచు నేసినాడు, నేను పాటకు నేస్తాండా."

ఎలక్ట్రానిక్ సంగీతం మీద ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పరని నా నమ్మకం. రేకుల మధ్య సందులోంచి గాలి ఈలలా కూస్తుంటే దేనితో మూయాలా అని ఆయన వెతుకుతున్నాడు. నా కరపత్రాల కట్టలో సగం తీసి ఇచ్చాను. బాగా పట్టింది.

మిగతా సగం చేతిలో పట్టుకుని మేనేజరు దగ్గరికి పోయాను. మెడలో హెడ్‌ఫోన్సు, చేతిలో ఒక కాగితం. అందులో బ్యాండు వాళ్ల నాలుగు పేర్లు, వాటి కింద "ఇతర వాద్యాలు" అని ఉంది.

"ఇతర అంటే ఎవరు సార్?" అన్నాను.

"బ్రదర్, అది కంపెనీ పద్ధతి. పైవాళ్లు చూసుకుంటారు."

నాకు నోరు లేచింది. నిరుటి పాట, మజ్జిగ, కారు డ్రైవరు అన్నీ ఏకరువు పెట్టాను. గోనెసంచులు మింగెయ్యగా మిగిలిన అరుపు బయటి దాకా వినిపించినట్టుంది, ఉరుమును ఎండలో కాచుకుంటున్న ఓబులేసు తలుపులోంచి లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో ఎర్ర తుండు.

"ఎవురప్పా నువ్వు?"

"కదిరి నుంచి పెద్దాయనా. మీ పేరు కోసం వచ్చినా."

"నన్ను అడిగినావా?"

కరపత్రాల కట్టను వెనక్కి పెట్టుకున్నాను.

"అడగల్యా. ఈ యప్ప అడక్కుండా మోత ఎత్తుకపోయినాడు, నువ్వు అడక్కుండా కొట్లాట ఎత్తుకొచ్చినావు. కూచో." నన్ను ఒక గోనె మూట మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నాకు పేరొద్దని కాదు. శానా కావాల. మా నాయన జన్మంతా వాయించి పోయినాడు, ఆ మోత ఈ పొద్దు ఏ పెట్టెలోనూ ల్యా. ఎవురి కొడుకువంటే చూపించేకి నా కాడ ఏమీ ల్యా. ఇదొక్కటన్నా ఉండాల, దాని మీద నా పేరుండాల. కానీ ముందు వాయిద్యం బాగుండాల కదా. బాగలేనిదానికి పేరుండి ఏం జేస్తాది?"

నాలుగున్నరకు తలుపులు మూసి ఎర్రబల్బు వేశారు. లోపల నూరుమందికి పైగా జనం, ఒకటే ఉక్క. బల్బు వెలిగినంత సేపూ చప్పట్లు, ఈలలు, మాటలు ఏవీ ఉండకూడదని మేనేజరు చెప్పాడు. మొదటి పాట మొదలైన నిమిషానికే నేను కోపం సంగతి మరిచిపోయాను. బేసు గిటారు, డ్రమ్ములు కలిసి నాలుగు దెబ్బల నడక పట్టాయి. బరువంతా మొదటి దెబ్బ మీదే. బస్తా భుజానికెత్తేటప్పుడు హమాలీలు ఒక్క మాట మీద కదిలినట్టు, ఆ మొదటి దెబ్బకు వరసలో తలలన్నీ ఒక్కసారి కదిలాయి. దాని మీద రఫీ అన్న సన్నటి చుక్కలు చల్లుతున్నాడు. నందిని శాక్సోఫోను మాత్రం ఏ లెక్కకూ దొరకలేదు. ఒక స్వరం పట్టుకుని పోయి, ఇక తిరిగి రాదేమో అనుకున్నప్పుడు సరిగ్గా ఆ మొదటి దెబ్బ మీద వచ్చి వాలింది. ముందు రాసుకున్నది కాదట, అప్పటికప్పుడు పుట్టేదట. నా పక్కన కూర్చున్న రైతు నా చెవిలో, "ఈ యమ్మ మల్లీ ఇట్లనే వాయించమంటే వాయిస్తాదా?" అన్నాడు. లేదన్నాను. "అయితే సరిగ్గా వినాల" అని కళ్లు మూసుకున్నాడు.

మూడో పాటకు ఓబులేసు లేచాడు. ఉరుము తెలియని వాళ్లకు చెప్తాను: రెండు ముఖాల వాయిద్యం, ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు, రెండో ముఖం మీద వంకర పుల్లతో రాస్తారు. ఆ రాపిడికి లోపలి నుంచి గుర్రుమని ఒక మోత లేస్తుంది, వినేవాడి ఛాతీలోంచే వస్తున్నట్టుంటుంది. రఫీ అన్న ల్యాప్‌టాప్ లోంచి దాదాపు అదే మోతను తీసి దాని కింద పరిచాడు. ఏది తోలుదో, ఏది కరెంటుదో కాసేపటికి నాకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడే తలపాగా కట్టుకున్న ఒక పెద్దాయన లేచి, నేరుగా నడిచి వెళ్లి ఓబులేసు చేతిలో పది రూపాయలు పెట్టాడు. ఓబులేసు టక్కున వాయిద్యం ఆపాడు. ఈ వైపు ఉరుము ముందు ఎవరు ఏమిచ్చినా వాయించేవాడు ఆపాలి. ఇచ్చిన మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గొంతెత్తి చదవాలి, చదివి ఒక మోత మోగించాలి. ఆపకపోతే ఇచ్చినవాడికి అవమానం. ఓబులేసు ఆపాడు, చదివాడు. జనం అలవాటుగా ఓ అన్నారు. ఏం జరిగిందో తెలియక బ్యాండు చెల్లాచెదురైంది.

"కట్! కట్!" మేనేజరు హెడ్‌ఫోన్సు నెత్తి మీంచి లాగేశాడు. "ఇది రికార్డింగ్! డబ్బులిచ్చేవాళ్లు తర్వాత ఇవ్వండి!"

"తర్వాత ఇస్తే అది కూలీ అయితాదప్పా," అన్నాడు తలపాగా పెద్దాయన, నొచ్చుకోకుండా.

జనానికి, బ్యాండుకు మధ్య తాడు కట్టించి పాటను మళ్లీ మొదటి నుంచి, రెండో టేకుగా, తీశారు. ఎవరూ లేవలేదు, ఎవరూ ఆగలేదు. తప్పు ఒక్కటి కూడా లేదు. ఉప్పు లేని సంకటిలా ఉంది. మేనేజరు ఒక్కడే బాగుందన్నాడు. నందిని శాక్సోఫోను కిందికి దించి ఓబులేసు దగ్గరికి వెళ్లింది.

"ఏమాయ్తు పెద్దాయనా? మొదటిసారి అంత బాగా వాయిస్తిరి కదా."

"ఎవురికి వాయిస్తాండానో తెలిస్తే కదమ్మా. మాది పేర్ల మీద నడిచే వాయిద్యం. ఆపి, పేరు చదివి, మల్లా ఎత్తుకుంటే దానికి ఊపొస్తాది. ఆపొద్దంటే ఉరుము యాడికి పోవాలో నాకే తెలీకుండా పాయ."

ఆపి, పేరు చదివి, మళ్లీ ఎత్తుకోవడాన్ని నందిని వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంది. తర్వాత బ్యాండు వైపు తిరిగి గబగబా కన్నడంలో ఏదో చెప్పింది. మాకు తెలుగులో చెప్పింది. "ఫంకులో అసలు గమ్మత్తు ఆగడమే. అందరూ ఒక్కసారి ఆగాలి, ఒక్కసారి పడాలి. మేం ఏళ్లకేళ్లు సాధకం చేసేది అదే. ఈయన ఊరంతటితో కలిసి ఆపుతాడు! తాడు తీసెయ్యండి. ఆయన ఆగితే మనం ఆగాలి. పేరు చదివినాక మూడు దెబ్బలు."

"టేకు మధ్యలో మాటలుంటే ఎవరు వింటారు మేడమ్?" అన్నాడు మేనేజరు.

"నేను వింటాను. నా కచేరీ."

టైము ఆరు కావస్తోంది. ఆరున్నరకు జనరేటరు అద్దె గడువైపోతుంది, ఇంకొక్క టేకే అన్నాడు మేనేజరు. తాడు తీసేశారు. ఎర్రబల్బు వెలిగింది.

ఆ మూడో టేకును మాటల్లో పెట్టడం నా వల్ల కాదు గానీ ప్రయత్నిస్తాను. ఉరుము గుర్రుమంది. నడక కుదిరింది. తలపాగా పెద్దాయనే మళ్లీ లేచాడు. ఓబులేసు ఆగాడు, నాలుగో గేరు నలుగురూ ఊపిరి బిగబట్టినట్టు ఆగారు. పేరు. తండ్రి పేరు. ఊరు. ధన్, ధన్, ధన్! మూడు దెబ్బలు ఒక్క చేత్తో కొట్టినట్టు పడ్డాయి, పాట రెట్టింపు జోరుతో లేచింది. ఇంకొకరు లేచారు. మరొకరు. ప్రతి పేరు చివరి అక్షరాన్ని రఫీ అన్న పట్టుకుని, దారంలా సాగదీసి పాటలోకి నేసేస్తున్నాడు. శాక్సోఫోను ప్రతి మనిషికీ ఒక కొత్త వరస వాయిస్తోంది. ముసలాయనకు ఒక తీరు, చంకలో బిడ్డతో వచ్చిన తల్లికి ఒక తీరు. తన పేరు అంత పెద్ద మోత మీద లేవడం విన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో మీరు చూడాలి.

అప్పుడు ఖాసీంబీ అక్క లేచింది. చెంగు ముడి విప్పి నోటు ఆయన చేతిలో పెట్టింది. ఓబులేసు ఆపాడు. బ్యాండు ఆగింది.

"నా పేరొద్దు," అంది అక్క. మైకులన్నీ వింటున్నాయి. "నీ పేరు సదువు."

ఆయన బిత్తరపోయాడు. "తప్పక్కా. ఉరుము చేతిలో ఉన్నాక వాయించేటోడు తన పేరు చెప్పకూడదు. ఇది దేవర సొత్తు. మా నాయన ఎప్పుడూ చెప్పల్యా."

"మీ నాయన పేరు కూడా సదువు. దుడ్లిచ్చింది నేను. ఎవురి పేరు సదవాలో చెప్పేది నేనే కదా? ఆపినాక సదవకుంటే నాకు అవమానం కాదా?"

బేసు వాయించే ఆయన మాత్రం ఒకే స్వరాన్ని మెల్లగా మీటుతూ ఉన్నాడు, పాట చచ్చిపోకుండా. ఓబులేసు వంకర పుల్లతో ఒకసారి రాశాడు. ఇంకోసారి రాశాడు. చదవకపోతే అక్కకు అవమానం, చదివితే తండ్రి నేర్పిన కట్టు తప్పినట్టు. ఉరుమును కళ్లకద్దుకున్నాడు.

"తప్పయితే తల్లి సూసుకుంటాది," అన్నాడు. తర్వాత మెడ ఎత్తాడు. "ఓబులేసూ! ఉరుముల పెద్ద ఓబన్న కొడుకు ఓబులేసూ! కంబదూరూ!"

ధన్, ధన్, ధన్. మూడు దెబ్బలు పడ్డాయి. ఆ తర్వాత ఎవరూ ఏ నియమం పాటించలేదు. నేనూ అరిచాను. రికార్డులో ఎడమ వైపు వినబడే ఆ గాడిద గొంతు నాదే. పాట ఇంకో నాలుగు నిమిషాలు పోయింది. ఆ నాలుగు నిమిషాల్లో ఓబులేసు వాయించింది ఆయన కూడా అంతకుముందు వాయించి ఉండడు.

బల్బు ఆరింది. మేనేజరు హెడ్‌ఫోన్సు తీయకుండానే చివరి భాగం మళ్లీ విన్నాడు. "చాలా బాగా వచ్చింది," అన్నాడు చివరికి. నిజాయితీగానే అన్నాడు, ఒప్పుకుంటాను. "మధ్యలో ఆ పేరు, ఆ మాటలు తీసేస్తే..."

"తియ్యి సూద్దాం," అన్నాడు రఫీ అన్న. "అందరం ఒకే గదిలో వాయించినామప్పా. ఆ యప్ప గొంతు నా మైకులో ఉండాది, నందిని మైకులో ఉండాది, డ్రమ్ముల మైకులన్నింట్లో ఉండాది. ఆ పేరు తియ్యాలంటే మమ్మల్నందరినీ తియ్యాల."

మేనేజరు నవ్వాడు గానీ, కాగితం మీద మాత్రం రాయలేదు. పాటలో పేరు వేరు, పాట కింద పేరు వేరు, అది పైవాళ్లను అడగాలన్నాడు. పూర్తి రికార్డును ఇదే మిల్లులో ఊరందరికీ వినిపించాకే, ఓబులేసు తన పేరు కాగితం మీద చూసి సరే అన్నాకే పాట విడుదలకు తాను సంతకం పెడతానని నందిని అక్కడే అందరి ముందు చెప్పింది. ఓబులేసు ఉరుమును తుండులో చుట్టుకుంటూ నా వైపు చూశాడు. "బాగుండెనా?" అన్నాడు. బాగుందన్నాను. "అయితే ఇప్పుడు కొట్లాడుకో," అన్నాడు.

రాత్రి కళ్యాణదుర్గంలో నూటయాభై రూపాయల మంచం అద్దెకు తీసుకుని పడుకున్నాను, నిద్ర పట్టలేదు. హక్కు గురించి నేను ఎన్ని కరపత్రాలు కూర్చానో లెక్క లేదు. అన్నింటిలోనూ అడిగేవాడు ఒకడు, ఇచ్చేవాడు ఇంకొకడు. ఆ మిల్లులో మాత్రం నలుగురు గొప్ప వాయిద్యగాళ్లు తమ పాటను ఆపుకుని, ఒక మనిషి తన పేరు తాను పలికే దాకా కాచుకున్నారు. ఒక హోటలక్క తన వంతు పేరు వదులుకుంది. ఆ మనిషి నలభై ఏళ్ల కట్టును, తండ్రి నేర్పిన కట్టును, భయపడుతూనే దాటాడు. నేను వాళ్ల ముందు చాలా చిన్నవాణ్ని. ఎవరి కోసం అరవాలో వాళ్లనే ముందు అడగాలని కంబదూరులో నేర్చుకున్నాను. కోపం తగ్గిందనుకోకండి. ఇప్పుడు అది అడిగి తెచ్చుకున్న కోపం.

పోవాలనుకునేవాళ్లకు ఒక్క సూచన: సాయంత్రం ఏడు దాటితే కంబదూరులో షేర్ ఆటోలు దొరకవు. దిగినప్పుడే డ్రైవరుతో తిరుగు ప్రయాణం మాట్లాడుకోండి.

ఈ వచ్చే ఆదివారం రికార్డు వినిపిస్తున్నారు. మేనేజరు కాగితం తెస్తాడు. ఓబులేసును నేను అడిగాను, జనాన్ని పిలవమంటావా అని. పిలువు అన్నాడు. అందుకే పిలుస్తున్నాను. కదిరి నుంచి, ధర్మవరం నుంచి, అనంతపురం నుంచి ఎంతమంది రాగలిగితే అంతమంది రండి. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, కంబదూరు పాత బుడ్డల మిల్లు. నాలుగున్నరకు తలుపులు మూస్తారు. మూసేలోపు మనం లోపల ఉండాలి.